ఫ్రిజ్ గ్యాస్ పుట్టిచ్చిన మిడ్గ్లీ: పుట్టుక చూపిండు, సావు మర్శిండు

మొన్న ఎండకాలం మా ఇంట్ల పాత ఫ్రిజ్ ఆగిపోతే మండల కేంద్రంల ఒక రిపేరు షాపుకు తీస్కపోయిన. షాపుల ఇరవై ఏండ్ల పోరడు ఉన్నడు. ఫ్రిజ్‌ను ఎనుకకు తిప్పి, కట్టర్ పెట్టి రాగి పైపు కోసిండు. సుయ్యిమని సప్పుడొచ్చింది. పది సెకన్లల్ల అండ్ల ఉన్న గ్యాసంత గాలిల కలిసిపోయింది. పొగ లేదు, వాసన లేదు, కండ్ల మంట లేదు. ఎందుకట్ల ఇడిసిపెడుతున్నవని అడిగితె, పట్టుకునే మిషిన్ తనకాడ లేదని, పట్టినా తీసుకునేటోడు ఎవడూ రాడని జెప్పిండు.

ఆ పోరని మీద నాకు కోపం రాలే. ఆడు అబద్ధం జెప్పలే. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల దిక్కు నుంచి గల్ఫ్‌కు పోయి ఏసీ మెకానిక్ పనిజేసే మన పోరగాండ్లు వేల మంది ఉన్నరు. పట్నంల ఎండకాలం పొద్దంత ఏసీలు ఎక్కి దిగేటోళ్లూ మనోళ్లే. దినాం ఆ గ్యాసుతోని బతికేటోళ్లకు దాని పుట్టుక ఎవ్వడు జెప్పలే, దాని సావు ఎట్లుంటదో అంతకన్న జెప్పలే. అందుకే ఇయ్యాల ఒక మనిషి బతుకు జెప్తున్న. ఆయన పేరు థామస్ మిడ్గ్లీ. ఆయన పోయి 80 ఏండ్లు దాటింది. ఆయన చేసిన పని మాత్రం ఇంక మన నెత్తి మీదనే తిరుగుతున్నది.

ఇంజినీరు, రసాయనం సొంతంగ నేర్చిండు

మిడ్గ్లీ 1889 మే 18న అమెరికల పెన్సిల్వేనియా రాష్ట్రం, బీవర్ ఫాల్స్ అనే ఊర్ల పుట్టిండు. పెరిగింది ఒహాయో రాష్ట్రం కొలంబస్ పట్నంల. తండ్రి సుత కొత్త వస్తువులు కనిపెట్టే మనిషే. మిడ్గ్లీ కార్నెల్ యూనివర్సిటీల 1911ల మెకానికల్ ఇంజినీరింగ్ పట్టా తీసుకున్నడు. అంటే ఆయన చదివింది యంత్రాల చదువు, రసాయనాల చదువు కాదు. రసాయనం కొలువు చేసుకుంటనే నేర్చుకున్నడు. నేను పదో తరగతి కాడనే బడి ఇడిసినోన్ని. పుస్తకం ముందలేసుకొని ఒక్కొక్క ముక్క నేర్చుకునుడు ఎంత కష్టమో నాకెరుకే. అందుకే ఈ మనిషి తెలివిని తక్కువ జేసి మాట్లాడ.

1916ల డేటన్ పట్నంల చార్లెస్ కెట్టరింగ్ అనే పెద్ద ఇంజినీరు కింద పనికి కుదిరిండు. కొన్నేండ్లకు ఆ ల్యాబ్ జనరల్ మోటార్స్ కంపెనీ చేతికి పోయింది. అప్పట్ల కార్ల ఇంజన్లు టక్కుటక్కుమని కొట్టుకునేటియి. ఆ రోగానికి మందు కనిపెట్టే పని మిడ్గ్లీకి అప్పజెప్పిన్రు. ఏండ్ల తరబడి ఒక్కొక్క పదార్థం పెట్రోల్ల కలిపి చూసిండు. ఆఖరుకు 1921 డిసెంబర్ 9న టెట్రాఇథైల్ లెడ్ అనే సీసం మందు దొరికింది. శానా కొంచెం కలిపితె చాలు, ఇంజన్ సప్పుడు బందైంది. 1923ల ఆ పెట్రోల్ బజారుకొచ్చింది.

సీసం విషమని అప్పటికే లోకమంత ఎరుకే. మిడ్గ్లీకే ఆ విషమెక్కి 1923ల పని ఇడిసి కొన్ని దినాలు ఫ్లోరిడా పోయి కోలుకోవాల్సొచ్చింది. 1924 అక్టోబర్ల న్యూజెర్సీల బేవే రిఫైనరీల ఆ మందు తయారుజేసే కూలీలకు పిచ్చి లేసినట్టయింది. ఐదుగురు పానం ఇడిసిన్రు, ఇంక శానామంది దవాఖాన పాలైన్రు. గంత జరిగినంక, అక్టోబర్ 30న మిడ్గ్లీ పేపరోళ్లను పిలిపిచ్చి, వాళ్ల ముందల ఆ మందుతోని చేతులు కడుక్కున్నడు. సీస ముక్కు కాడ పెట్టుకొని ఒక నిమిషం దాక పీల్చిండు. దీంతోని ఏం గాదని నమ్మిచ్చుడు ఆయన మతలబు. మనదేశంల సీసం పెట్రోల్ బందయ్యేసరికి 2000 సంవత్సరమొచ్చింది. లోకంల ఆఖరి బంకు మూతపడింది 2021ల, అల్జీరియాల.

కూలీలు సచ్చినంక, తన ఒంట్ల విషమెక్కినంక సుత గట్ల చేసుడు తెల్వనితనం గాదు. తెలిసి చేసిన పని. దీంట్ల ఆయనను ఎనకేసుకొచ్చే మాట నాకాడ లేదు.

కొవ్వొత్తి ఆర్పిన ఊపిరి

ఫ్రిజ్ ముచ్చట వేరే. 1920లల్ల ఫ్రిజ్‌లల్ల అమోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మీథైల్ క్లోరైడ్ వాడేటోళ్లు. పైపు లీకైతే ఇంట్లోళ్లకు పానం మీదికొచ్చేది. అమోనియా, మీథైల్ క్లోరైడ్ అయితె అంటుకుంటయి గూడ. 1928ల కెట్టరింగ్ మల్ల మిడ్గ్లీనే పిలిచి, కాలని, విషం గాని గ్యాస్ కావాలన్నడు. మిడ్గ్లీ ఆల్బర్ట్ హెన్నీ, రాబర్ట్ మెక్‌నారీ అనే ఇద్దరిని జతజేసుకొని, మూలకాల పట్టిక ముందల పెట్టుకొని లెక్కగట్టిండు. మూడు దినాల్ల జవాబు దొరికింది. కార్బన్‌కు రెండు క్లోరిన్లు, రెండు ఫ్లోరిన్లు అతికితె వచ్చే గ్యాస్ అది. మన మెకానిక్కులు ఆర్-12 అంటరు. కంపెనీ పెట్టిన పేరు ఫ్రియాన్.

దాని పుట్టుకల ఒక చిన్న ముచ్చట ఉన్నది. గ్యాస్ చెయ్యనీకి యాంటిమొనీ ట్రైఫ్లోరైడ్ అనే పొడి ఐదు చిన్న సీసలు తెప్పిచ్చిన్రు. మొదటి సీసతోని చేసిన గ్యాస్‌ను ఒక గినీ పిగ్ మీద ఇడిసిన్రు, దానికేం గాలే. రెండో సీసతోని చేసింది ఇడిస్తె ఆ జీవి కొట్టుకొని సచ్చిపోయింది. ఎందుకని చూస్తే, ఆ సీసల పొడిల తడి ఉన్నది. తడి వల్ల ఫాస్జీన్ అనే విషగాలి పుట్టింది. మొదటి పెద్ద యుద్ధంల సిపాయిలను చంపింది ఆ గాలే. అదే గ్యాస్‌ను కాస్టిక్ సోడా నీళ్లల్ల నుంచి పోనిస్తె ఫాస్జీన్ కొట్టుకపోతది. ఈ ముక్క యాదికుంచుకోండ్రి, మల్ల పనికొస్తది. ఏ గ్యాస్ మంచిదో ఏది చెడ్డదో పేరు జెప్పదు, దాన్ని కడిగినమా లేదా అన్నది జెప్తది.

1930 ఏప్రిల్‌ల అట్లాంటాల అమెరికా రసాయన శాస్త్రవేత్తల సభ జరిగింది. అందరి ముందల మిడ్గ్లీ ఆ గ్యాస్‌ను గుండెల నిండ పీల్చి, వెలుగుతున్న కొవ్వొత్తి మీద మెల్లగ ఊదిండు. కొవ్వొత్తి ఆరిపోయింది, మిడ్గ్లీ నవ్వుకుంట నిలబడ్డడు. విషం గాదని తన పానంతోని, కాలదని ఆ దీపంతోని ఒక్కపారే చూపిండు. అదే ఏడు జనరల్ మోటార్స్, డ్యూపాంట్ కలిసి ఆ గ్యాస్ చేసే కంపెనీ పెట్టినయి. ఫ్రిజ్ ఇంట్లకొచ్చింది. టీకాలు, మందులు, పాలు పాడుగాకుంట ఆగినయి. ఆ మేలును కాదనను.

ఆయనకు పతకాలు మస్తొచ్చినయి. 1941ల ప్రీస్ట్లీ పతకం ఇచ్చిన్రు, 1944ల ఆ రసాయన సంఘానికే అధ్యక్షుడైండు. నడుమల 1940ల పోలియో వచ్చి కాళ్లు పడిపోయినయి. మంచం మీదికెల్లి లేవనీకి తాళ్లు, గిరకలతోని తనే ఒక యంత్రం చేసుకున్నడు. 1944 నవంబర్ 2న ఆ తాళ్లల్లనే పానం పోయింది. సర్కారు కాయితాల ఆత్మహత్య అని రాసిన్రు. అప్పటికి ఆయనకు 55 ఏండ్లు. దీన్ని తమాషా ముచ్చట లెక్క జెప్పుకొని నవ్వేటోళ్లు ఉంటరు. నేను నవ్వ. మంచాన పడ్డ మనిషి బాధ బాధే.

కాలని గ్యాస్‌ను కాలిస్తె ఏమొస్తది?

ఆయన పోయిన 30 ఏండ్లకు, 1974ల, మోలినా, రోలాండ్ అనే ఇద్దరు ఆ గ్యాస్ కరగక పైకి పోయి ఓజోన్ పొరను తింటదని లెక్కగట్టిన్రు. 1985ల అంటార్కిటికా మీద ఓజోన్ పల్చబడ్డదని రుజువైంది. 1987 సెప్టెంబర్ 16న మాంట్రియల్ ఒప్పందం అయింది. 1992ల మనదేశం చేరింది, 2010 నుంచి మన కాడ ఆ గ్యాసులు తయారుజేసుడు బందైంది. ఓజోన్ ముచ్చట మిడ్గ్లీకి ఎరుక లేదు, అప్పట్ల ఎవ్వనికీ లేదు. ఆ తప్పు ఆయన మీద ఎయ్యలేం.

కాని ఒక ప్రశ్న మాత్రం 1930ల సుత అడగొచ్చు. ఇది పాతబడ్డంక ఏం జెయ్యాలె? కాలదు, కుళ్లదు, కరగదు అని గొప్పగ జెప్పినప్పుడు, మరి పోయేదెట్ల అని ఎవ్వడు అడగలే. ఆర్-12 గాలిల ఇడిస్తె వందేండ్ల దాక ఉంటది. భూమిని వేడి జేసుట్ల బొగ్గుపులుసు గాలి కన్న పది వేల రెట్లు బలమైంది. తర్వాతొచ్చిన ఆర్-22, ఆర్-134ఏ దానికన్న తక్కువే, కాని ఇయి సుత వెయ్యి రెట్లకు పైనే. గాలిల ఇడవొద్దంటె నాశనం జెయ్యాలె. అంటే కొవ్వొత్తిని ఆర్పిన గ్యాస్‌ను దానికన్న పెద్ద మంటల ఎయ్యాలె.

1,100 డిగ్రీలకు పైన వేడి బట్టీల నీటి ఆవిరితోని గలిపి కాలిస్తె ఆ గ్యాస్ పగిలిపోతది. అప్పుడు దానిల దాగున్న క్లోరిన్, ఫ్లోరిన్ బయటికొచ్చి యాసిడ్ గాలులైతయి. మూలకాల బరువులు పెట్టి నేనే లెక్క జేసిన, మీరు సుత పదో తరగతి పుస్తకం పట్టుకొని చెయ్యొచ్చు. ఒక కిలో ఆర్-12 కాలిస్తె సుమారు 600 గ్రాముల హైడ్రోక్లోరిక్ యాసిడ్, అంటే బాత్‌రూంలు కడిగే యాసిడ్‌ల ఉండేది, 330 గ్రాముల హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ వస్తయి. ఆర్-22 అయితె హైడ్రోఫ్లోరిక్ 460 గ్రాములు. ఓజోన్‌కు మంచిదని కొత్తగ తెచ్చిన ఆర్-134ఏ, ఆర్-32 అయితె కిలోకు 780, 770 గ్రాముల దాక హైడ్రోఫ్లోరిక్ యాసిడే. పైన ఓజోన్‌కు మేలయింది కాని, కింద బట్టీ కాడ కడిగేటోనికి పని పెరిగింది.

హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ మామూలుది గాదు. అద్దాన్ని తింటది, ఇసుకతోని చేసిన బట్టీ ఇటుకను తింటది. ఒంటి మీద పలచటిది పడితె మొదలు నొప్పి సుత తెల్వదు, లోపలికి దిగి ఒంట్ల క్యాల్షియంను పట్టుకుంటది. దాన్ని చిమ్నీల నుంచి అట్లనే ఇడిస్తె ఊరికి ఊరే దగ్గుకుంట పడుంటది.

పొగ కడిగే ముచ్చట కొత్తది గాదు

దీన్ని కడగొచ్చు. ఆ విద్య మిడ్గ్లీ పుట్టకముందే ఉన్నది. ఇంగ్లండ్‌ల సబ్బుకు, గాజుకు కావల్సిన సోడా చేసే ఫ్యాక్టరీలు హైడ్రోక్లోరిక్ పొగను ఊర్ల మీదికి ఇడిసేటియి. చెట్లు మాడినయి, పంటలు పోయినయి. 1836ల విలియం గోసేజ్ అనే ఆయన ఒక పాడుబడ్డ గాలిమర లోపల ముండ్ల కంప నింపి, పైనుంచి నీళ్లు కారనిచ్చి, పొగను అండ్ల నుంచి పోనిచ్చిండు. యాసిడ్ నీళ్లల్ల కరిగిపోయింది. 1863ల ఇంగ్లండ్ సర్కారు ఆ పొగల యాసిడ్ నూటికి 95 వంతులు పట్టాలని చట్టం జేసింది. కాని ఆ యాసిడ్ నీళ్లను వాగులల్ల ఇడిసేటోళ్లు. పొగ తక్కువైంది, చేపలు సచ్చినయి. గాలిల విషాన్ని నీళ్లల్లకు మార్చుడు కడుగుడు గాదు, జాగ మార్చుడు.

ఇయ్యాల పద్ధతిగ చేసే కాడ వరస ఇట్లుంటది. బట్టీల నుంచి వచ్చిన వేడి గాలిని ఒక్కపారే నీళ్లతోని సల్లార్పాలె. మెల్లగ సల్లారనిస్తె నడుమల 200 నుంచి 450 డిగ్రీల మధ్య డయాక్సిన్ అనే ఇంకో విషం పుడుతది. తర్వాత నీళ్ల టవర్ల యాసిడ్‌ను కరగనియ్యాలె. ఆ టవర్లకు ఉత్త ఇనుము పనికిరాదు, రబ్బరో ప్లాస్టికో పూత కావాలె. దాని ఎనుక కాస్టిక్ సోడా లేకపోతే సున్నపు నీళ్ల టవరు, మిగిలింది పట్టనీకి. ఆఖరుకు చిమ్నీ కాడ కొలవాలె. మాంట్రియల్ ఒప్పందం నిపుణులు సూచించిన లెక్క ఏందంటె, ఒక ఘనపు మీటరు గాలిల హైడ్రోక్లోరిక్ 100 మిల్లీగ్రాములు, హైడ్రోఫ్లోరిక్ 5 మిల్లీగ్రాములు దాటొద్దు. గ్యాస్‌ల 99.99 శాతం పోవాలె.

సున్నం లెక్క సుత ఉన్నది. ఒక కిలో ఆర్-12కు వచ్చిన యాసిడ్‌ను సంపనీకి సుమారు 1.2 కిలోల తడి సున్నం కావాలె. దానికి 650 గ్రాముల దాక క్యాల్షియం ఫ్లోరైడ్ బురద అడుగుకు దిగుతది. అది కరగదు అంటరు గని పూర్తిగ నిజం గాదు. ఎంత మంచిగ సున్నం ఏసినా లీటరు నీళ్లల్ల 8 మిల్లీగ్రాముల దాక ఫ్లోరైడ్ మిగులుతది. తాగే నీళ్లల్ల 1.5 దాటొద్దు.

ఈ కాడ నల్లగొండోళ్లకు నేను జెప్పేదేం లేదు. అక్కడి ఫ్లోరైడ్ ఫ్యాక్టరీది గాదు, రాళ్లల్ల నుంచి బోరు నీళ్లల్లకు దిగింది. కాని వంకర తిరిగిన కాళ్లు, గార పట్టిన పండ్లు ఎట్లుంటయో మూడు తరాలు చూసినయి. నీళ్లల్ల పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి దేశమంత నల్లగొండ టెక్నిక్ అనే పేరు. సున్నం తర్వాత పటిక తోని ఇంకోపారి పట్టాలన్న తెలివి మన జిల్లా పేరు మీదనే ఉన్నది. గ్యాస్ కాల్చే కాడ మిగిలిన నీళ్లకు సుత కావల్సింది గసొంటి రెండో కడుగుడే.

సిమెంటు బట్టీల కాల్చుడు సుత ఒప్పుకున్న పద్ధతే. అండ్ల సున్నపురాయే యాసిడ్‌ను పట్టుకుంటది. అయితె క్లోరిన్ ఎక్కువైతె బట్టీ లోపల గట్టిపడి మూసుకపోతది, ఫ్లోరిన్ ఎక్కువైతె సిమెంటు గట్టిపడే తీరు మారుతది. అందుకే కొంచెం కొంచెమే ఎయ్యాలె. మన హుజూర్‌నగర్, తాండూరు దిక్కు సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నయి. అక్కడ ఈ గ్యాస్ కాలుస్తున్నరని నేను అంటలేను. రేపు ఎవరన్న కాలుస్తమని వస్తే ఏం అడగాల్నో తెలిసుండాలె.

ఏం అడగాలె?

మొదటిది, మెకానిక్ తమ్ముళ్లకు. గ్యాస్ మిగిలిన పైపు మీద మంట పెట్టకుండ్రి. బట్టీల జరిగేదే చిన్నగ మీ మొఖం ముందల జరుగుతది. ఆర్-22 లెక్క క్లోరిన్ ఉన్న గ్యాసయితె రాగి కాడ మంట పచ్చగైతది. గొంతు మండితె పని ఇడిసి బయటి గాలికి ఉరకండ్రి.

రెండోది, సర్కారుకు. 2022 ఈ-వేస్ట్ నిబంధనల్ల ఫ్రిజ్, ఏసీ పాతబడ్డంక బాధ్యత చేసిన కంపెనీదే అని రాసిన్రు. అయితె గ్యాస్ పట్టే మిషిన్, సిలిండర్ మండల కేంద్రంల ఉన్న షాపుకు ఆ కంపెనీ పైసలతోనే రావాలె. పట్టి తెచ్చిన కిలోకింత అని మెకానిక్‌కు ముట్టాలె. అప్పుడు ఆ పోరడు పైపు కొయ్యడు.

మూడోది, గసొంటి ప్లాంటు ఏ ఊరి కాడికన్న వస్తే, ప్రజాభిప్రాయ సేకరణ దినం లేసి నిలబడే పోరగాండ్లకు. ఉపాధి వస్తదా అని అడుగుడు మంచిదే. దాంతోని పాటు ఇయి సుత అడగండ్రి. నెలకు ఎంత గ్యాస్ కాలుస్తరు, ఎంత సున్నం కొంటరు? ఈ రెండు లెక్కలు కలవకుంటె కడుగుతలేరన్నట్టు. కరెంటు పోతే, టవర్ల నీళ్లు ఆగితె గ్యాస్ దానంతటదే బందయితదా? ఫ్లోరైడ్ బురద ఏ గుంటల పోస్తరు, దాని కింద బోర్లు ఎవలయి? చిమ్నీ కొలతలు గేటు కాడ బోర్డు మీద తెలుగుల రాస్తరా?

1930ల అట్లాంటాల ఉన్నోళ్లందరు పెద్ద చదువులోళ్లే. కొవ్వొత్తి ఆరంగనే ఆ గ్యాస్ మంచిదని నమ్మిన్రు. దాన్ని మంటల ఏస్తే ఏమైతదని ఒక్కరన్న అడిగుంటె, యాసిడ్ కడిగే ఖర్చు ఫ్రిజ్ ధరలనే పడేది. అడగలే గనుక ఆ ఖర్చు 90 ఏండ్ల సంది గాలి మీద పడ్డది. ఇగ మన వాగుల మీద, మన బోర్ల మీద పడకుంట చూసుకునుడు మన చేతుల ఉన్నది.